ఓబులేసన్న ఇంటికి పదివేల వాకిళ్లు

టీ చల్లారితే ఇంకోటి చెప్పుకుందాం, ముందు నాకు న్యాయం చెప్పండప్పా! మొన్న ఆదివారం రెండు వందల మంది విస్తళ్ల ముందర కూర్చోని ఉంటే, నన్ను నడుమ నిలబెట్టి, నేను తిట్టిన తిట్లు ఒక్కటి పొల్లుపోకుండా నాకే అప్పజెప్పినారు. తిట్టింది నేనే, కాదనను. కానీ వాటిని చాటుగా వినమని ఆయనకు ఎవరు చెప్పినారు? విన్నాయనది తప్పు కాదంట, తిట్టినోనిది తప్పంట! ఇదెక్కడి ధర్మం?

మొదటినుంచీ చెప్తా. నా పని మీకు తెలిసిందే. ప్రొద్దుటూరులో అంగడి, కెమెరాలు పెడతాను, ఇంటర్నెట్ వైర్లు లాగుతాను, ఆఫీసులకు ఫోన్లు బిగిస్తాను. జీవరత్నం పని చేస్తే మళ్లీ చూసుకునే పని లేదని పేరు. ఆ పేరు పోయిన బుధవారం దాకా ఉండింది.

బుధవారం పొద్దున ఓబులేసన్న దగ్గర నుంచి మనిషి వచ్చినాడు. ఓబులేసన్నది జమ్మలమడుగు పక్కన పల్లె. ఒకప్పుడు ఆయన బయటికి పోవాలంటే ముందర రెండు జీపులు, వెనక రెండు జీపులు. తొండూరు దిక్కు గంగన్నతో ముప్పై ఏళ్ల పగ. ఆ పగ ఎందుకు మొదలైందో ఇప్పుడు ఇద్దరికీ సరిగ్గా గుర్తు లేదు. దాంట్లో పోయినవాళ్లు మాత్రం రెండు వైపులా అందరికీ గుర్తున్నారు.

అట్లాంటిది, ఎన్నికలు దగ్గరపడేసరికి ఇద్దరూ ఒకే పార్టీలో తేలినారు! ఎట్లా తేలినారని నన్ను అడగొద్దు, వాళ్లను అడిగే ధైర్యం నాకు లేదు. పార్టీవాళ్లు గట్టిగా చెప్పినారంట, మీరిద్దరూ రాజీ పడాల్సిందే అని. ఆదివారం మధ్యాహ్నం ఓబులేసన్న ఇంట్లో భోజనాలు. మన దిక్కు రాజీ అంటే కాగితం మీద సంతకాలు కాదు కదా. ఒకే గుండిగలో వండింది, ఒకే గరిటెతో, ఇద్దరి విస్తట్లోనూ పడాల. ఇద్దరూ పక్కపక్కన కూర్చోని తినాల. అప్పుడే జనం నమ్ముతారు.

మా సుగుణ పుట్టిల్లు తొండూరు పక్కనే. మా బామ్మర్ది ఏసేపు గంగన్న మనిషి. నేనేమో ఓబులేసన్న ఇంట్లో కెమెరాలు పెట్టినోన్ని. అందుకని పెళ్లయినప్పటినుంచీ మా అత్తగారింటికి పోవాలంటే చీకటి పడకముందే పోవాల, పోయేముందు కబురు చెయ్యాల, పోయినాక ఎవరేమడిగినా నవ్వి ఊరుకోవాల. సుగుణ రోజూ ప్రార్థనలో ఈ రాజీని కూడా చేర్చింది. అదీ నాకు దాంట్లో ఉన్న అవసరం.

సరే, పోయినాను. వరండాలో మంచం మీద కూర్చోని ఉన్నాడు ఓబులేసన్న.

"రా అప్పా జీవరత్నం. నాకు ఇంటర్నెట్టు ఫోను కావాల. సెల్లులో మాట్లాడితే ఎవరెవరో వింటాండారంట. పార్టీ వాళ్లు చెప్పినారు. ఎవురూ వినని ఫోను పెట్టాల నువ్వు."

"పెడతానన్నా. ఎవురూ వినరు," అన్నాను.

ఈ ఒక్క మాట మీరు గుర్తు పెట్టుకోండి. నా చావుకొచ్చింది ఈ మాటే.

మధ్యాహ్నానికి అన్నీ బిగించినాను. నాలుగు ఫోన్లు, వాటన్నిటినీ కలిపే ఒక పెట్టె, కంపెనీ లైను. అంతా అయినాక లాప్‌టాప్ ముందర కూర్చున్నా. ఈ ఫోన్లకు ఒక పద్ధతి ఉంది. గంట మోగేది ఒక పోర్టు మీద. మాట మాత్రం పదివేలనుంచి ఇరవైవేల దాకా ఉన్న పోర్టుల్లో ఏదో ఒకదాని మీదుగా వస్తుంది. ఏదని ముందుగా చెప్పలేం, ఫోను చేసినప్పుడల్లా ఆ పెట్టె తనకిష్టమైంది తీసుకుంటుంది. అందుకని ఆ నంబర్లన్నీ తెరిచి పెడతాం. లోకమంతా అట్లనే పెడుతుంది.

ఓబులేసన్న నా భుజం మీదనుంచి తొంగి చూసి, "ఈ లెక్కలేందిరా?" అన్నాడు.

నోరు మూసుకోని 'సెట్టింగులన్నా' అంటే అయిపోయేది. మా నాయన మిషన్ బడిలో అయివారు. ఎవరు ఏం అడిగినా విడమరిచి చెప్పే రోగం నాకు ఆయన దగ్గరనుంచే వచ్చింది. "అన్నా, పోర్టు అంటే వాకిలి అనుకో. బయటి మాట లోపలికొచ్చే వాకిలి. పదివేలు తెరిచి పెట్టినా," అన్నాను, పెద్ద గొప్ప పని చేసినట్లు.

ఆయన మొకం మారిపోయింది.

"పదివేల వాకిళ్లు... నా ఇంటికి?"

"అవునన్నా."

"తెరిచి పెట్టినావా?"

"అంటే నిజం వాకిళ్లు కాదన్నా..."

"రేయ్, మా నాయన కాలంలో ఈ ఇంటికి మూడు వాకిళ్లుండె. ఆ పెరటి వాకిలి, ఆ పక్క వాకిలి, రెండూ ఇటికెలు పెట్టి మూసేసినా. ఎందుకు మూసినానో ఈ జిల్లాలో పసిపిల్లోన్ని అడిగినా చెప్తాడు. ఉండే ఒక్క వాకిలికి ఇనప తలుపు. దాన్ని కూడా వంగి రావాల్సినట్లు కట్టించినా. ముప్పై ఏండ్లు ఒక్క వాకిలిని కాసుకోని బతికినోన్ని నేను! నువ్వు మధ్యాన్నం వచ్చి పదివేలు తెరిచి పోతాండావా?"

చెప్పినాను. కంప్యూటర్ చూపించి చెప్పినాను. ఫైర్‌వాల్ అని ఒకటి ఉంటుందన్నా, కాపలా ఉంటుందన్నా అని ఎంతో చెప్పినాను.

"కాపలా ఉంటే తెరిచి పెడతారా? కాపలా వాడు పదివేల వాకిళ్ల కాడ ఎట్ల నిలబడతాడు? పది చాలు. మిగతావి మూసెయ్."

ఇప్పుడు మీరు చెప్పండి! ఓబులేసన్న 'చాలు' అంటే 'చాలదన్నా' అనే మొగోడు ఎవరైనా ఉన్నాడా? ఉంటే చూపించండి, వానికి ఇప్పుడే బజ్జీలు పెట్టిస్తా. మూసేసినాను. పది మాత్రం ఉంచినాను. వరండాలో ఫోను నుంచి లోపలి గదిలో ఫోనుకు చేసి చూపించినాను. "హలో" అంటే "హలో" అని గంట కొట్టినట్లు వినపడింది. ఆయన సంతోషపడినాడు. నేను ప్రొద్దుటూరు బస్సెక్కినాను.

గురువారం పొద్దున ఓబులేసన్న ఆ కొత్త ఫోనులో మొట్టమొదట గంగన్నకే చేసినాడు. మర్యాద కోసం. 'ఆదివారం నువ్వు తప్పకుండా రావాల' అని స్వయంగా పిలవాలని. ముప్పై ఏళ్ల తర్వాత మొదటి మాట అది!

గంగన్న ఫోను ఎత్తినాడు. ఎత్తినట్లు ఫోను మీద సెకన్లు కూడా పడినాయి. మాట మాత్రం లేదు. ఓబులేసన్న పిలిచినాడు, మళ్లీ పిలిచినాడు. అవతల శవం పక్కన కూర్చున్నంత నిశ్శబ్దం.

"ఫోనెత్తి పలకడంటే ఏంది దానర్థం?" అని ఆయన నన్ను సెల్లులో అరిచినాడు. "ఇంటికి పిలిస్తే పలకడా? ఎవురికి చూపిస్తాండాడు ఈ పొగరు?"

"సెల్లులో ఒకసారి చేసి చూడన్నా."

"ఒగసారి పలకనోనికి ఇంకొకదాంట్లో చేసేదేంది? నేనేమన్నా వాని ఇంటికి పిల్లనడగను పోతాండానా?"

అంతటితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నం ఓబులేసన్న ఇంట్లో ఫోను మోగింది. ఎత్తితే మాట లేదు. పెట్టేసినారు. మళ్లీ మోగింది, మళ్లీ మాట లేదు. అట్లా నాలుగు సార్లు. మీరూ ఈ నేల మీద పుట్టినోళ్లే, మాట లేని ఫోను వస్తే దానికి ఆ ఇంట్లో ఏం అర్థమో నేను చెప్పాలా? మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా అని చూసుకునే ఫోను అది! పాతకాలం వాళ్లందరికీ ఒక్కసారి అన్నీ గుర్తొచ్చినాయి. ఇనప తలుపు పడింది. పొలాల్లో ఉన్న మనుషులను పిలిపించినారు. పదేళ్లుగా దుమ్ము పట్టిన జీపును కడిగి గేటుకు అడ్డం పెట్టినారు.

శుక్రవారం పొద్దున నాకు ఒకటే మాట చెప్పినాడు ఓబులేసన్న. "నువ్వొచ్చి చూడు. పలకనిది నీ మిషనా, ఆ గంగడా అనేది తేల్చు. గంగడే అయితే ఆదివారం ల్యా, రాజీ ల్యా. మా దారి మాది."

రాజీ చెడితే వాళ్లిద్దరిదీ ఒక తీరు, మళ్లీ జీపులెక్కుతారు. నడుమ చెడేది ఊళ్లు. మా అత్తగారి ఊరు వాటిలో మొదటిది.

పోయినాను. గేటు దగ్గర నన్ను, నేనే పెట్టిన కెమెరాలో రెండుసార్లు చూసుకోని లోపలికి వదిలినారు! ఓబులేసన్న పార్టీవాళ్లతో మాట్లాడటానికి మిద్దె మీదికి పోయినాడు. ఫోను గదిలో నేను, ఆయన భార్య లక్ష్మమ్మక్క. అక్క నాకు మజ్జిగ ఇచ్చి, గడప దగ్గర కూలబడింది.

"ఏం చెప్పేది నాయనా. గంగన్నకి షుగరంట. తెల్లన్నం తినగూడదంట. ఈయన ఎట్లనో తెలుసుకున్నాడు. ఆయనకి వేరేగా జొన్నరొట్టె చేపియ్యమన్నాడు నాతో. నిన్నటినుంచి పిండి ఇసరతాండా. ఆయన వచ్చేది రానిది తెల్దు."

నాకు మండిపోయింది. గంగన్న నంబరు నొక్కినాను. మోగింది, ఎత్తినారు, సెకన్లు పడుతున్నాయి. "హలో! అయ్యా, నేను ఫోను బిగించినోన్ని! హలో!" ఉలుకు లేదు, పలుకు లేదు. లైను చచ్చిందనుకున్నాను. రిసీవరు చేతిలోనే పెట్టుకోని, అక్క దిక్కు తిరిగి, కడుపులో ఉన్నదంతా కక్కేసినాను.

"ఇద్దరూ ఇద్దరే అక్కా! కాటికి కాళ్లు చాపుకున్నారు, బుద్ధి మాత్రం ఇంగా రాలే. ఈయప్పేమో పగోనికి షుగరుందని కనుక్కోని జొన్నరొట్టె చేపిస్తాండాడు, ఆ మాట నోటితో చెప్పాలంటే సిగ్గు! ఆయప్పేమో ఫోనెత్తి మూతి ముడుచుకోని కూచుంటాండాడు, కొత్త కోడలు అలిగినట్టు! ముప్పై ఏండ్లు ఊర్లోళ్లను నిద్రపోనీలే. ఎందరి తాళ్లు తెగినాయి! ఇప్పుడు పక్కపక్కన కూచోని ఇంత కూడు తినేదానికి ఇన్ని నకరాలా? రెండు ముసలి దున్నపోతులకి ఒక కాడి కట్టేదానికి పదూర్లోళ్లం పట్టుకోవాల్నా?"

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడ్చిందో తెలియదు. నేను రిసీవరు టపీమని పెట్టేసినాను. ప్రాణం హాయిగా అయింది.

ఆ హాయి అయిదు నిమిషాలు ఉంది. జేబులో సెల్లు మోగింది. సుగుణ.

"ఏమండీ, మీరు యాడుండారు?"

"ఓబులేసన్న ఇంట్లో. ఏం?"

"ఇప్పుడు మా ఏసేపు ఫోను చేసినాడు. గంగన్న ఇంట్లో నుంచి. ఓబులేసన్న ఇంటి ఫోనులోనుంచి ఎవుడో ఇద్దరినీ దున్నపోతులని తిడతాండాడంట. గొంతు మా బావది మాదిరే ఉండాది అక్కా అంటాండాడు. మీరు కాదు కదా?"

నా నోట్లో మజ్జిగ నోట్లోనే ఉండిపోయింది.

ఏసేపు చెప్పిందంతా సుగుణ ఒక్కొక్కటే చెప్తే అప్పుడు తెలిసింది నాయనా మొత్తం కథ! వాళ్లకు అంతా వినపడుతోంది! మొదటినుంచీ! ఇక్కడినుంచి పోయే మాట పోతోంది, అక్కడినుంచి వచ్చే మాట రావడం లేదు. గంగన్నకు చెవి కాస్త మందం, అందుకని ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడంట. గురువారం ఓబులేసన్న మర్యాదగా పిలిచినప్పుడు ఆయన "వస్తానన్నా, తప్పకుండా వస్తా" అన్నాడు. ఈయనకు వినపడలేదు. ఈయన ఫోను భుజం మీద పెట్టుకోని, పొగరని తిట్టి, ఆ తర్వాత లక్ష్మమ్మక్కతో అన్నాడంట, "ఏదైనా కానీ, ఆ గంగనికి మాత్రం వేరేగా వండించు" అని.

ఆ ముక్క అక్కడ స్పీకర్లో ఇల్లంతా విన్నది! రాజీ భోజనంలో ఒక్కరికి వేరేగా వండటమంటే ఏంది? ఏం కలుపుతాండారు దాంట్లో? గంగన్న భార్య ఏడుపు మొదలుపెట్టింది, కొడుకులు 'పోవద్దు నాయనా' అని కాళ్లు పట్టుకున్నారు. అదేందో నేరుగా అడుగుదామని గంగన్నే మధ్యాహ్నం నాలుగు సార్లు ఫోను చేసినాడు. ఆయన అడుగుతానే ఉన్నాడు. ఇక్కడ వీళ్లు మాట లేని ఫోనని తలుపులు మూసుకుంటా ఉన్నారు.

లాప్‌టాప్ తెరిచినాను. రెండు నిమిషాల్లో దొరికింది. ఇప్పుడు మీరు నవ్వకూడదు. పది తప్ప అన్నీ మూయమన్నది ఓబులేసన్నే, ఒప్పుకోండి. కానీ ఆ పదింటినే వాడుకోమని లోపలి పెట్టెకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. అది పాపం ఎప్పటిలాగానే పదివేలలో తనకిష్టమైన నంబరు తీసుకోని, అవతలివాళ్లకు 'నీ మాట ఇక్కడికి పంపు' అంటోంది. అవతలివాళ్లు పంపుతున్నారు. అక్కడేమో మూసి ఉంది. ఇంట్లోనుంచి ఇంట్లోకి చేసి చూసినాను కాబట్టి నాకు బాగుందనిపించింది, ఆ మాట అసలు ఫైర్‌వాల్ దాకా పోనే పోదు. బయటికి ఒక్క ఫోను చేసి చూసుంటే! పద్దెనిమిదేళ్ల అనుభవం! థూ!

రెండు నిమిషాల్లో సరిచేసినాను. మిద్దె దిగి వచ్చిన ఓబులేసన్నతో, "మిషన్ తప్పన్నా, గంగన్న తప్పు కాదు, ఆయన వస్తానన్నాడంట," అని చెప్పినాను. దున్నపోతుల సంగతి చెప్పలేదు. అంత నిజాయితీ నాకెందుకు? ఆయన "ఆదివారం గంగడు వస్తే మిషన్ తప్పు. రాకపోతే నీ తప్పు," అన్నాడు.

శనివారం నేను అన్నం తినలేదు. ఆదివారం సుగుణ ప్రార్థన ఎంత పొడుగుందంటే, పాస్టరే మధ్యలో ఆమెన్ అనాల్సి వచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంటయింది. పంక్తులు వేసినారు. మైలవరం చేపలు, పొట్టేలు కూర. గంగన్న లేడు. ఒంటిగంటన్నరయింది. ఓబులేసన్న గేటు దిక్కు చూస్తున్నాడు, ఆ తర్వాత నా దిక్కు చూస్తున్నాడు. గేటు దిక్కు ఒకసారి చూస్తే నా దిక్కు రెండుసార్లు! నేను గోడ దూకే చోటు వెతుక్కుంటా ఉన్నాను.

అప్పుడు వచ్చింది ఒక్క కారు. ముందర జీపు లేదు, వెనక జీపు లేదు. గంగన్న, వెంట మా ఏసేపు, అంతే. గంగన్న వంగి ఆ ఇనప వాకిలి దాటి లోపలికొచ్చినాడు. ఓబులేసన్న లేచి నిలబడినాడు. గంగన్న విస్తరి ముందర కూర్చోకుండానే అడిగినాడు.

"జొన్నరొట్టె యాడుంది వదినా?"

లక్ష్మమ్మక్క తెచ్చింది. ఆయన ఒక ముక్క తుంచినాడు. ఓబులేసన్న ఇంకో ముక్క తుంచుకోని ముందు తానే నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు గంగన్న తిన్నాడు. ఇద్దరి కళ్లలో నీళ్లు. రొట్టెలో కారమనుకోండి, ఇంకేమైనా అనుకోండి. నేనూ ఏడ్చినాను, సిగ్గేం లేదు. సుగుణకు ఫోను చేసి 'తిన్నారే' అన్నాను, అంతే మాట వచ్చింది.

ఆడికి ముగిసిపోయుంటే ఎంత బాగుండేది! గంగన్న మూతి తుడుచుకోని, పంక్తి అంతా వినేట్లు అన్నాడు.

"అన్నా, నేను ఈ పొద్దు నువ్వు పిలిచినందుకు రాలే. పార్టీ వాళ్లు చెప్పినందుకూ రాలే. మొకం ముందర చెప్పే మాట నేను నమ్మను, నా వయసంతా దాంతోనే మోసపోయినా. ఎవురికీ వినపడదనుకోని తిట్టే మాట నమ్ముతా. జొన్నరొట్టె సంగతి ఒగడు తిట్టుకుంటా చెప్పినాడు, అందుకే వచ్చినా. ఆ మగానుబావుడు యాడుండాడు?"

మా ఏసేపు, నా సొంత బామ్మర్ది, వేలు పెట్టి చూపించినాడు! వాడు చిన్నప్పటినుంచీ అంతే.

నన్ను నడుమ నిలబెట్టినారు. గంగన్న ఒక్కొక్క తిట్టే చెప్తున్నాడు. కొత్త కోడలు. కాటికి కాళ్లు. ముసలి దున్నపోతులు. ఆ దున్నపోతుల దగ్గరికొచ్చేసరికి ఓబులేసన్న కూడా నా దిక్కు తిరిగినాడు, ఆయన అప్పుడే వింటున్నాడు కదా మరి. రెండు వందల మంది నవ్వు. నేను నేలలోకి పోవాలంటే సిమెంటు వేసి పెట్టినారు.

నవ్వంతా అయినాక గంగన్న ఓబులేసన్న చెవి దగ్గరికి వంగి ఏందో గుసగుసలాడినాడు. ఓబులేసన్న తల ఊపినాడు. ముప్పై ఏళ్లలో వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి. నన్ను దగ్గరికి పిలిచినారు. అయిపోయినాను అనుకున్నాను.

"జీవరత్నం, జిల్లా పార్టీ ఆఫీసులో ఫోన్లు పెట్టేది నువ్వే. మేం చెప్తాం వాళ్లకి," అన్నాడు ఓబులేసన్న.

"అట్లనే అన్నా! ఈసారి బంగారం మాదిరి పెడతా, బయటికి పదిసార్లు చేసి చూసుకుంటా..."

"వద్దు," అన్నాడు గంగన్న. "మా అన్నకి బుదారం పొద్దు ఎట్ల పెట్టినావో, అట్లనే పెట్టు. మేం ఫోను చేసి గమ్మునుంటాం. టికెట్టు ఎవురికిస్తారో వాళ్లే చెప్పుకుంటారు."

పద్దెనిమిదేళ్లుగా ఈ జిల్లాలో ఎన్ని ఫోన్లు పెట్టినానో! అట్లాంటిదే ఇంకొకటి కావాలని ఎవరైనా అడిగింది ఇదొక్కటేనప్పా!